అన్నం మానకుండా 350 కేలరీలు తగ్గించడం: తిరుపతి టైలరమ్మ కేసు

ఆమెకు 43 ఏళ్లు. తిరుపతిలో ఇంటి ముందు గదిలోనే టైలరింగ్ షాపు. ఎత్తు 154 సెంటీమీటర్లు, బరువు 74 కిలోలు, నడుము చుట్టుకొలత 96 సెంటీమీటర్లు. బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె, 31 దాటింది. మనవాళ్లకు 23 దాటితేనే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అంటాం. ఆడవాళ్ల నడుము 80 లోపు ఉండాలి. థైరాయిడ్ పరీక్ష మామూలుగానే ఉంది, బీపీ లేదు. మూడు నెలల సగటు షుగర్ 5.9, అంటే ఇంకా షుగర్ జబ్బు కాదుగానీ గుమ్మం దాకా వచ్చింది. డాక్టరు గారు ఆమెను తిండి సలహాలిచ్చే నా దగ్గరికి పంపింది అందుకే. ఆమె ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

వచ్చీ రాగానే ఫోను తీసి చూపించింది. అందులోని కేలరీల యాప్ ఆమెకు రోజుకు 1,556 కేలరీలు ఇచ్చింది. ఆమె రాసుకున్న లెక్క రోజుకు 1,300 చిల్లర. రెండు నెలలైనా ముల్లు కదల్లేదు.

"నేనేం తింటా ఉండా మేడమ్? పొద్దున రెండు ఇడ్లీ, మధ్యాన్నం పిడికెడన్నం, రాత్రికి సంగటి ముద్ద. గాలి పీల్చినా లావైతా ఉండా."

ఈ మాట అన్నవాళ్లు అబద్ధం చెప్తున్నారని నేను అనుకోను. తిన్నది మర్చిపోవడం, తక్కువగా రాసుకోవడం ప్రపంచమంతా ఉన్నదే. యాప్ లెక్క తప్పి ఉండొచ్చు, రాతలో తిండి జారి ఉండొచ్చు, రెండూ కావచ్చు. ఏది ఎంతో తేలకుండా "ఇంకో 200 తగ్గించండి" అంటే మనిషిని ఆకలితో మాడ్చడమే.

ముందు యాప్ సంగతి. అవన్నీ దాదాపు ఒకే దారిలో పోతాయి. 1919లో వచ్చిన హారిస్-బెనెడిక్ట్ సూత్రమో, 1990లో వచ్చిన మిఫ్లిన్-సెయింట్ జియోర్ సూత్రమో వాడి, కదలకుండా పడుకున్నా ఒంటికి అయ్యే ఖర్చు ఎంతో అంచనా వేస్తాయి. మిఫ్లిన్ సూత్రంలో బరువు కిలోలను 10తో, ఎత్తు సెంటీమీటర్లను 6.25తో గుణించి కలుపుతారు. అందులోంచి వయసుకు ఐదింతలు తీసేస్తారు. తర్వాత మగవాళ్లకైతే 5 కలుపుతారు, ఆడవాళ్లకైతే 161 తీసేస్తారు. ఈమెకు 740, 962 కలిపి, 215, 161 తీసేస్తే 1,326 వస్తుంది. దాన్ని రోజువారీ కదలికను బట్టి ఒక అంకెతో హెచ్చిస్తారు. "మధ్యస్థంగా చురుకైన జీవితం" అన్న గడి మీద ఆమె నొక్కింది కాబట్టి యాప్ 1.55తో హెచ్చించి 2,056 తెచ్చింది. బరువు తగ్గాలంది కాబట్టి 500 కోసేసి 1,556 చేతిలో పెట్టింది.

ఇక్కడ రెండు చోట్ల బోల్తా పడతాం. ఈ సూత్రాలు పాశ్చాత్యుల ఒళ్ల మీద కట్టినవి. కండ తక్కువా కొవ్వు ఎక్కువా ఉండే మన ఒళ్లకు ఇవి కాస్త ఎక్కువే చూపిస్తాయి. అది చిన్న తేడా. పెద్ద తేడా ఆ హెచ్చించే అంకె దగ్గరే వస్తుంది. పొద్దున ఐదింటికి లేచి రాత్రి పదకొండుకు నడుం వాల్చే మనిషి తనను "కూర్చుని బతికే" రకంలో ఎందుకు పెట్టుకుంటుంది? ఆమెకైతే రోజంతా పనే. కానీ ఆ పనిలో తొమ్మిది గంటలు మిషను ముందు కూర్చునేదే. అలుపు వేరు, కేలరీల ఖర్చు వేరు. ఎప్పటినుంచి లావవుతున్నారని అడిగితే, తొక్కుడు మిషనుకు మోటారు బిగించిన ఏడాది నుంచేనని ఆమే గుర్తు చేసుకుంది. ఆ తర్వాత కాలితో అయ్యేపని కరెంటుతో అవుతోంది, తిండి మాత్రం తొక్కుడు మిషను నాటిదే. ఫోను జేబులో పెట్టుకుని తిరగమంటే రోజుకు మూడువేల అడుగుల దగ్గరే తేలింది.

అంచనాను పోల్చి చూసుకోవడానికి నేను వాడేది హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ 2020 పట్టిక. 55 కిలోల ఆడమనిషికి కూర్చుని చేసే పనైతే రోజుకు 1,660, మధ్యరకం పనైతే 2,130 అని అందులో ఉంది. రెంటి మధ్య 470 తేడా. గడి మార్చి నొక్కితే ఒక పూట భోజనమంత పోతుంది. అందుకే నేను అందరికీ ముందు 1.4 దగ్గర మొదలుపెడతాను, పొలం పనో బేల్దారి పనో అయితే తప్ప. ఈమెకు అది 1,857 అయింది. ఆ అంకెను నా ఫైల్లో రాసుకున్నానుగానీ ఆమెకు చెప్పలేదు. చెబితే రాసేవాళ్లు ఆ అంకెకు సరిపోయేలా రాస్తారు.

అసలు అంకె సూత్రంలో లేదు, ఆమె ఇంట్లోనే ఉంది. మూడు వారాలు ఏమీ తగ్గించకుండా, రోజూ తినేట్టే తిని, తిన్నదంతా రాసి, రోజూ పొద్దున బాత్రూముకు వెళ్లొచ్చాక బరువు చూసుకోమన్నాను. బరువు నిలకడగా ఉంటే, ఎంత తిన్నదో అంతే ఆమె అవసరం. ఆసుపత్రుల్లో ఊపిరిని కొలిచి ఖర్చు లెక్కగట్టే యంత్రాలున్నాయి, గుర్తు పెట్టిన నీళ్లు తాగించి కొలిచే పద్ధతీ పరిశోధనల్లో ఉంది. మన మామూలు జనానికి ఒక కిచెన్ తూకం, ఒక బరువు మిషను, ఓపిక చాలు.

విషయం ఆమెకు వెంటనే ఎక్కింది. "అంటే జాకెట్టు కుట్టినట్టే కదా మేడమ్. టేపుతో కొలత తీస్తాం, లోపల గుడ్డ వదిలి కుడతాం, ట్రయల్ చూసినాక విప్పి సరిచేస్తాం." నేను ఇంతకన్నా బాగా చెప్పలేను.

జాకెట్ల కొలతల పుస్తకం వెనక పేజీల్లోనే రాసింది. బరువు వారపు సగటులు 74.2, 74.6, 74.1. రెండో వారం పెరిగింది నెలసరి ముందు ఒంట్లో చేరిన నీరు. ఆడవాళ్లు ఈ వారాన్ని ఆ వారంతో పోల్చుకుని బెంగపడతారు. నెలలో ఈ దశను పోయిన నెల అదే దశతో పోల్చుకోవాలి. మొత్తం మీద బరువు కదల్లేదనే అర్థం. రాసిన తిండి సగటు రోజుకు 1,310. నిజంగా 1,310తోనే 74 కిలోల ఒళ్లు నిలబడుతుంటే అది మంచంలో ఉన్న మనిషి ఖర్చుకన్నా తక్కువ. అలా కుదరదు. రాతలోంచి ఏదో జారిపోతోంది.

మూడో వారం చివర వాళ్లింటికే వెళ్లాను. వంట అత్తగారిది. నలుగురు మనుషులు: ఈమె, భర్త, ఇంటర్ చదివే కొడుకు, అత్తగారు. పుస్తకంలో నూనె ఎదురుగా రోజూ "2 చెంచాలు" అని ఉంది, అంటే 80 కేలరీలు. నేను చెంచా గురించి అడగలేదు, నూనె క్యాను ఎన్నాళ్లొస్తుందని అడిగాను. "అయిదు లీటర్ల క్యాను, ఒకటో తేదీ తెస్తే మళ్లీ ఒకటికి ఖాళీ" అంది పెద్దావిడ. అయిదు లీటర్లంటే నాలుగున్నర కిలోల నూనె. ముప్పై రోజులకు, నలుగురికి పంచితే తలకు 38 గ్రాములు. గ్రాముకు 9 చొప్పున 340 కేలరీలు. వేపుళ్లకు వాడి పారబోసింది, కొడుకు ఎక్కువ తినేది పోగా ఈమె వంతు 32 గ్రాములుగా పట్టుకున్నాం. 290 కేలరీలు. అంటే ఒక్క నూనె దగ్గరే 210 పుస్తకంలోకి ఎక్కలేదు. ఇందులో ఆమె దాచిందేమీ లేదు. తాళింపు ఎవరు వేస్తే వాళ్ల చేతిలో ఉంటుంది చెంచా, కంచం ముందు కూర్చున్నవాళ్లకు అది కనపడదు. ఏ ఇంటికి వెళ్లినా నేను ముందు అడిగేది నెలకు నూనె ఎంత, చక్కెర ఎంత అనే. సరుకుల చీటీలో మొహమాటం ఉండదు.

తర్వాత టీ. ఇంట్లో తాగే రెండూ రాసింది. షాపుకు కస్టమర్లొస్తే ఎదురుగా ఉన్న కొట్టు నుంచి తెప్పించేవి రాయలేదు, అది మర్యాద కింద జమ. రోజుకు సగటున రెండు. చిన్న కప్పే అయినా పాలు, రెండు చెంచాల చక్కెర కలిపి 65 చొప్పున 130.

మూడోది మన ఊరికే ప్రత్యేకం. తిరుపతిలో కాపురముంటే చుట్టాలందరికీ మన ఇల్లే సత్రం. కొండకు పోయేటప్పుడు దిగుతారు, దర్శనమయ్యాక లడ్డూ చేతిలో పెట్టి పోతారు. కస్టమర్లూ తెస్తారు. ప్రసాదం వద్దనకూడదు, పారేయకూడదు, రాయాలని అసలు తోచదు. డబ్బాలో ఉన్న లడ్డూను తూకంలో పెడితే 170 గ్రాములు దాటింది. శనగపిండి, చక్కెర, నెయ్యి, జీడిపప్పు. గ్రాముకు నాలుగు కేలరీల పైనే లెక్క, ఒక్క లడ్డూ 700 పైమాట. ఆమె ఎప్పుడూ ముక్కే తింటుంది, అయితే వారమంతా తిన్న ముక్కలన్నీ చేరిస్తే ఇంచుమించు ఒక లడ్డూ. రోజుకు 100.

1,310కి 210, 130, 100 కలిపితే 1,750. అదీ ఆమె నిజమైన అంకె. యాప్ చెప్పిన 2,056కు 300 తక్కువ, నేను ఫైల్లో రాసుకున్న 1,857కు కూడా 100 తక్కువ. యాప్ తప్పు, రాత తప్పు రెండూ ఉన్నాయి.

శనివారాల సంగతి విడిగా చెప్పాలి. ఆమెకు శనివారం ఒక్కపొద్దు. అన్నం ముట్టదు. పగలంతా కాఫీలతో నెట్టుకొచ్చి, మూడింటికి కళ్లు తిరిగి రెండు బోండాలు, రాత్రికి పలహారం: నాలుగు దోసెలు, చెనక్కాయల చట్నీ, నెయ్యి రవ్వపొంగలి. లెక్క కడితే 2,100. అన్నం తిన్న రోజుల సగటు 1,690. వారం మొత్తంలో ఎక్కువ తిన్నది ఉపవాసం రోజే! ఈ మాట చెప్తే ఆమె నొచ్చుకుంటుందేమోనని జంకాను, ఆమె మాత్రం పుస్తకం తిప్పి తిప్పి చూసి నవ్వేసింది.

కొండ నడక గురించి కూడా అడిగింది. నెలకోసారి అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కుతుంది, ఆ రోజు ఖర్చయిన కేలరీలను వాచీ వేలల్లో చూపిస్తుందట. లెక్క వేశాం. దాదాపు 700 మీటర్ల ఎత్తు, తొమ్మిది కిలోమీటర్ల దారి. 74 కిలోల మనిషికి ఎంత ధారాళంగా వేసినా 900 దగ్గర ఆగుతుంది. అది ఒక లడ్డూ, దాని పక్కన ఒక కాఫీ. నెలకు పంచితే రోజుకు 30. ఎక్కొద్దని కాదు, ఆమె ఎక్కేది మొక్కు కోసం, మోకాళ్లు బాగున్నంత కాలం ఎక్కాల్సిందే. దాన్ని తిండి ఖాతాలో జమ వేయొద్దని మాత్రం చెప్పాను.

ఇప్పుడు ఎంత తగ్గించాలి? ఒక కిలో కొవ్వు అంటే సుమారు 7,700 కేలరీలు. రోజుకు 350 తగ్గితే వారానికి 300 గ్రాములు. యాప్ లాగా 500 కోయొచ్చు. కానీ 1,750 తినే మనిషికి 500 అంటే మూడో వంతు దగ్గరకు పోతుంది. ఆ లోటులో పెళ్లిళ్ల సీజన్లో రాత్రి పన్నెండు దాకా కుట్టడం కుదరదు. 1,400 అనుకున్నాం, అటూ ఇటూ ఒక 50.

నెలకు నూనె మూడు లీటర్లకు దించాం: రోజూ పొద్దున 100 మిల్లీలీటర్లు ఒక చిన్న సీసాలో పోసి పొయ్యి పక్కన పెట్టడం, సాయంత్రానికి అయిపోతే ఆ రోజుకు అంతే. టీలు మూడు, చక్కెర ఒక్కో చెంచా. ప్రసాదం కళ్లకద్దుకుని చిటికెడు, మిగతాది అదే రోజు పక్కిళ్లకు. శనివారం పగలు పండూ మజ్జిగా తీసుకుని, రాత్రి పలహారం రెండు దోసెలు, గిన్నెడు గట్టి పప్పు. అన్నం గిన్నె జోలికి పెద్దగా పోలేదు. మధ్యాహ్నం మాత్రం ఒక హస్తం అన్నం తీసి ఆ మేరకు పప్పు, గుడ్డు చేర్చాం. మాంసకృత్తులు రోజుకు 40 గ్రాముల దగ్గర ఉన్నాయి, 55 దాటించాలి, లేకపోతే కొవ్వుతో పాటు కండా కరుగుతుంది.

రాగి సంగటి మీద ఆమెకు పెద్ద ఆశ ఉండేది. రెండు పూటలా సంగటే తింటానంది. వంద గ్రాముల రాగిపిండిలో 320 కేలరీలుంటే, వంద గ్రాముల బియ్యంలో 355. పీచు, కాల్షియం వంటివి రాగిలో ఎక్కువ, అవి మంచివే. బరువు దగ్గర మాత్రం రెండూ అన్నదమ్ములే. పైగా సంగటిని నమలరు, మింగుతారు. దాన్ని జార్చడానికి ఊరిబిండి, అంటే చెనక్కాయల పచ్చడి. గుప్పెడు చెనక్కాయలకే 150 కేలరీలు. రాత్రికి ఒక ముద్ద అలాగే ఉంచి, ఊరిబిండి బదులు వారంలో నాలుగు రోజులు ఆకుకూరల పులగూర తినమన్నాను.

అసలు చిక్కు అత్తగారి దగ్గరొచ్చింది. "నూనె లేకుండా తాళింపేంది? గడ్డి మేసేదానికి మనం పశువులమా?" అంది నా ముందే. ఆవిడతో కేలరీలు మాట్లాడి లాభం లేదు. ఆవిడకు మోకాళ్ల నొప్పులు, కొడుక్కు పొట్ట. ఇంటిల్లిపాదికీ అని చెప్పాక సీసాకు ఒప్పుకుంది. 2024లో పోషకాహార సంస్థ ఇచ్చిన సూచనల్లో 2,000 కేలరీల కంచానికి నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు అని ఉంది. మేం ఇచ్చిన 100 మిల్లీలీటర్లు తలకు 23 గ్రాములు. ఆ ఇంట్లో తాళింపు ఆగలేదు.

శ్రావణం ముందు మొదలైంది. మొదటి వారంలోనే 900 గ్రాములు పోయాయి, అది కొవ్వు కాదని ముందే చెప్పి ఉంచాను. తిండి, ఉప్పు తగ్గగానే ఒంట్లోని నీరు దిగుతుంది. అందులో కొంత మళ్లీ వచ్చింది, ఆ తర్వాత నింపాదిగా వారానికి 200, 300. ఆరో వారం నుంచి ఎనిమిదో వారం దాకా కదల్లేదు. ఇలాంటప్పుడు "మెటబాలిజం ఆగిపోయింది" అని ఇంటర్నెట్ అంటుంది. నేను క్యాను చూడమన్నాను. నెలకు మూడు లీటర్లు రావలసింది ఇరవై రోజులకే అడుగంటింది. సాయంత్రం సీసా ఖాళీ అయినప్పుడల్లా పెద్దావిడ ఇంకో అరసీసా నింపుతోంది, మనవడికి ఉర్లగడ్డ వేపుడు కావాలట. వేపుడు ఆదివారానికి మార్చాం. ముల్లు దిగింది.

బ్రహ్మోత్సవాలప్పుడు ఇంటినిండా జనం. నాలుగు రోజుల్లో 900 గ్రాములు పెరిగి ఏడుపు మొహంతో ఫోను చేసింది. అంత కొవ్వు పట్టాలంటే మామూలు తిండి మీద అదనంగా ఏడువేల కేలరీల దాకా తిని ఉండాలి. "అంత తిన్నారా అక్కా?" అంటే లేదంది. ఏమీ చేయొద్దు, ఎప్పటి తిండి అప్పుడు తినమన్నాను. ఎనిమిది రోజుల్లో పాత అంకెకు వచ్చింది. పెరటాసి (తమిళ నెల) శనివారాల్లో మటుకు రెండు దోసెల దగ్గర ఆగలేకపోయానని తనే రాసుకుంది.

పద్నాలుగు వారాలకు వారపు సగటు 70.6. నడుము 91. లెక్క ప్రకారం నాలుగున్నర కిలోలు తగ్గాలి, తగ్గింది 3.6. లెక్క తిరగేస్తే లోటు రోజుకు 350 కాదు, 280 చొప్పున పడింది. వేపుళ్లు, చుట్టాలు, పెరటాసి, తక్కువ తింటున్నప్పుడు మనిషి తెలియకుండానే తక్కువ కదలడం, అన్నీ అందులో ఉన్నాయి. షుగర్ పరీక్ష మళ్లీ డాక్టరు గారి చేతిలో ఉంది. షుగర్ మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు, కిడ్నీ జబ్బున్నవాళ్లు, గర్భిణులు ఈ లెక్కను సొంతంగా పెట్టుకోకూడదు, మందు మోతాదుతో ముడిపడి ఉంటుంది.

ఇంకా తగ్గాలా అంటే వైద్యం ప్రకారం తగ్గాలి. కానీ మాఘం పెళ్లిళ్ల ఆర్డర్లు వచ్చిపడ్డాయి, ఇప్పుడు రాసుకునే ఓపిక లేదంది. అదీ సబబే. ఈ రెండు నెలలూ 1,650 దగ్గర నిలబెడతాం: వారానికి ఒక్కసారి బరువు, నెలకు ఒక్కసారి క్యాను. సగటు 71.5 దాటితే మళ్లీ పుస్తకం తెరవాలి. సీజన్ అయ్యాక ఇంకో మూడు వారాలు మామూలు తిండి రాయించి, అప్పటి బరువుకు కొత్త అంకె తీస్తాం.

ఈలోపు ఆమె భర్త వచ్చారు. "మేడమ్, మా ఇంటామెకిచ్చిన 1,400 నాగ్గూడా ఇయ్యండి" అన్నారు. 47 ఏళ్లు, 170 సెంటీమీటర్లు, 82 కిలోలు, మార్కెట్లో రోజంతా నిలబడి మూటలు దించే పని. ఆయన పడుకుని ఉన్నా 1,650 దాకా ఖర్చవుతుంది, 1,400 ఆయన అంకె కాదు. ఇంటి నూనె లెక్క ఎలాగూ చేతిలో ఉంది. బయట తినే బోండాలు, టీలు, నూనెలో తేలే మధ్యాహ్నపు మెస్సు భోజనం రాయడానికి ఒక చిన్న పుస్తకం ఇచ్చి, సోమవారం నుంచి మొదలుపెట్టమన్నాను.